లెక్కల కాగితంలో మీ పేరేది?

ప్రశ్న: అమ్మా, నాకు 39 ఏళ్లు. జగిత్యాల జిల్లాలో చిన్న టౌను మాది. ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూస్తాను, జీతం 16 వేలు. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తాడు. ఇద్దరు పిల్లలు. మా అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసి నన్ను డిగ్రీ చదివించింది. ఇప్పుడు దగ్గుతో రాత్రుళ్లు నిద్రపోదు. మా వాడలో ఇప్పటికీ ఏ అరుగు మీద చూసినా చాట, కత్తెర, తంబాకు కనబడతాయి. కానీ పని మాత్రం నెలలో సగం రోజులు కూడా దొరకడం లేదు. అమ్మతో కలిసి కూర్చునే పన్నెండు మందితో సకినాలు, మురుకులు చేయించి అమ్మాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. లెక్క కూడా వేశాను, కాగితం దీనితో పంపుతున్నాను. నా బంగారం నాలుగు తులాలు కుదువబెడితే మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. మా ఆయన ఫోన్‌లో "సేవ చేస్తవా, వ్యాపారం చేస్తవా, ముందు అది తేల్చుకో. వ్యాపారమైతే నలుగురు చాలు, పన్నెండు మంది ఎందుకు? సేవైతే నెలకు వెయ్యి రూపాయలు ఎవరికన్న ఇయ్యి, నౌకరి ఎందుకు ఇడుస్తవ్?" అంటాడు. మా ఆడబిడ్డ అయితే "పేరు కోసం" అని మొహం మీదే అనేసింది. అబద్ధం ఎందుకు, అదీ కొంచెం ఉందమ్మా. స్కూల్లో అకౌంట్స్ మేడమ్, ఇంటి దగ్గర ఫలానా వాళ్ల కోడలు. నన్ను పేరు పెట్టి పిలిచేది మా అమ్మ ఒక్కతే. ఇలాంటి పనులు చేసిన ఆడవాళ్లు అసలు ఎందుకు చేశారు? వాళ్లకు నాలాంటి స్వార్థం ఉండదా? నా కారణం తప్పయితే ఇప్పుడే మానేస్తాను.
ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు:

చెల్లీ,

మీ ఉత్తరం కన్నా ముందు మీ లెక్కల కాగితమే చదివాను. నా అలవాటు అది. బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాసు, కవర్లు, ఆటో, గది కిరాయి, పన్నెండు మంది కూలి. మూకుడులో మాడిపోయే నూనెను కూడా లెక్కలో వేశారు, చెయ్యి తిరిగిన అకౌంటెంటని తెలిసిపోతోంది. కిలోకు ఖర్చు 320, షాపుకు వేసేది 340, నెలకు 900 కిలోలు. మిగిలేది 18 వేలు. కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను. మీ జీతం ఎక్కడా లేదు. పేరు కోసం చేస్తున్నానేమో అని భయపడే మనిషి తన కాగితంలో తన పేరే రాసుకోలేదు! ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు మీరడిగినది.

నలుగురి మేలు కోసం వ్యాపారం పెట్టేవాళ్లకు ఇప్పుడు సోషల్ ఆంత్రప్రెన్యూర్ అని ఒక పేరుంది. సభలు, శాలువాలు, మెమెంటోలు కూడా ఉన్నాయి. ఆ సభల్లో వినే కథల్లో అందరికీ ఏదో ఒకరోజు ఎవరి కష్టమో చూసి గుండె కరుగుతుంది, మర్నాడు సంస్థ పుడుతుంది. నేను దగ్గరగా చూసినవాళ్లలో అలా మొదలుపెట్టినవాళ్లు తక్కువ. ఇంట్లో డబ్బు చాలక దిగినవాళ్లున్నారు, ఎవరో అన్న మాటకు ఒళ్లు మండి దిగినవాళ్లున్నారు, చేతిలో ఉన్న విద్యకు విలువ కట్టేవాడు లేక దిగినవాళ్లున్నారు.

మీ సకినాలకు దగ్గరి చుట్టం అప్పడం కాబట్టి దానితో మొదలుపెడతాను. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఒక బిల్డింగు మేడ మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు వత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ ఛగన్‌లాల్ పారేఖ్ అనే సంఘసేవకుడి దగ్గర తెచ్చిన అప్పు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. అదే ఇవాళ మనం కిరాణా కొట్లో కొనే లిజ్జత్ పాపడ్. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మరి ఆవిడ ఆ రోజు మేడెక్కింది దేశంలో ఆడవాళ్లను ఉద్ధరించడానికా? కాదు. వాళ్లకు పెద్ద చదువులు లేవు, బయట ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు. మగవాళ్లు పనికి, పిల్లలు బడికి వెళ్లాక మధ్యాహ్నం కాస్త తీరిక దొరికేది. వచ్చిన విద్య వంట. నాలుగు డబ్బులు వస్తే ఇంటికి ఆసరా. కారణం అంతే. మీ ఆడబిడ్డ ఆ మేడ మీద ఉండి ఉంటే "డబ్బు కోసం" అని వాళ్ల మొహం మీదే అనేసేది, అందులో అబద్ధం కూడా ఉండేది కాదు.

అందులో నలుగురి మేలు ఎక్కడ చేరిందంటే, వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లలో. చేరిన ప్రతి మనిషీ యజమానే. లాభమొస్తే పంచుకోవాలి, నష్టమొచ్చినా పంచుకోవాలి. నష్టం వచ్చింది కదా అని ఎవరి దగ్గరా చందా అడగకూడదు. ఈ మూడు మాటలు గట్టిగా పట్టుకున్నారు కాబట్టి ఏడుగురు నలభై వేల మందికి పైగా అయ్యారు. అదే ఒక్కరు యజమాని, ఆరుగురు కూలీలు అనుకుని ఉంటే గిర్గావ్‌లో ఇంకో అప్పడాల కొట్టు ఉండేది. అందులోనూ తప్పేం లేదు, కాకపోతే మీ ఉత్తరానికి జవాబులో దాని ప్రస్తావన ఉండేది కాదు.

అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే ఆవిడ కథ వేరు. ఆవిడ చదువుకున్న మనిషి, లాయరు, బట్టల మిల్లుల కార్మిక సంఘంలో మహిళా విభాగం చూసేవారు. బజారులో బట్టల మూటలు తలమీద మోసే ఆడవాళ్లు వచ్చి, తమకు కూలి సరిగ్గా లెక్కగట్టడం లేదని మొరపెట్టుకున్నారు. వాళ్లలాంటి వాళ్లందరికీ కలిపి 1972లో 'సేవా' అనే యూనియన్ రిజిస్టర్ చేయించబోతే, యజమాని ఎవరో చూపించలేని వాళ్లకు యూనియన్ ఎలా కుదురుతుంది అని అధికారులు అడ్డం తిరిగారు. పొద్దున్నుంచి రాత్రిదాకా చాకిరీ చేసే మనుషులు చట్టం కంటికి కార్మికులుగా ఆనలేదు. అక్కడ పుట్టింది కోపం. రెండేళ్లకు, 1974లో, నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసుకుని సొంతంగా సహకార బ్యాంకే పెట్టుకున్నారు. అహ్మదాబాద్ బీడీ కార్మికులు కూడా సేవాలో చేరారు, మీ అమ్మగారికి చెప్పండి. మన దగ్గర నెల్లూరు జిల్లా దూబగుంటలో తొంభైల మొదట్లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లదీ ఇలాంటి కోపమే. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపు లక్ష్మి' సంఘాలు పుట్టుకొచ్చాయి.

మహారాష్ట్ర సతారా జిల్లా మ్హస్వడ్‌లో చేతనా గాలా సిన్హా అనే ఆవిడకు పని పెట్టింది ఒక ప్లాస్టిక్ పట్టా. రోడ్డు పక్కన కొలిమి పనితో బతికే ఒకామె, వానాకాలం వచ్చేలోగా ఇంటిమీద కప్పుకోవడానికి పట్టా కొనాలని, దానికోసం డబ్బు దాచుకుంటానని బ్యాంకుకు వెళ్లింది. అంత చిన్న మొత్తానికి ఖాతా తెరవం పొమ్మన్నారు. అయితే మనమే బ్యాంకు పెడదాం అన్నారు చేతన. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఇవ్వలేదు, కారణం దరఖాస్తు పెట్టిన ఆడవాళ్లకు చదువు రాకపోవడమే. ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుని మళ్లీ వెళ్లారు. "మాకు చదువు రాకపోవచ్చు, లెక్క వచ్చు. ఎంత అసలుకైనా వడ్డీ అడగండి, నోటితో చెబుతాం, మీవాళ్లను క్యాలిక్యులేటర్ లేకుండా చెప్పమనండి" అన్న అర్థంలో అధికారులతోనే పందెం వేశారు. 1997లో మాణ్‌దేశీ మహిళా సహకార బ్యాంకు తెరుచుకుంది.

మన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను చూడండి. ఎనిమిదేళ్లకు పెళ్లి చేశారు, ఊహ తెలిశాక ఆ పెళ్లి వద్దని బయటికొచ్చారు. పదేళ్లు దాటీ దాటగానే ఆడపిల్లలకు హిందీ చెప్పే బడి నడిపారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లొచ్చాక ఆగిపోయిన చదువు పట్టుకుని, సొంతంగా చదివి బెనారస్ విశ్వవిద్యాలయం పెట్టే మెట్రిక్ పరీక్ష గట్టెక్కారు. ఆ తర్వాత 1937లో మద్రాసులో ఆమె మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభలో తొలి పనుల్లో ఒకటి ఏమిటనుకున్నారు? చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను ఆ బెనారస్ మెట్రిక్‌కే తయారుచేయడం. తాను పడిన కష్టం పక్కింటి పిల్ల పడకూడదు అనుకోవడంలో తన కష్టం కూడా ఉంది కదా. దాన్ని స్వార్థం అందామా, సేవ అందామా? నాకైతే ఆ గీత ఎక్కడ గీయాలో తోచదు, గీయాల్సిన అవసరమూ కనబడదు.

కాబట్టి మీ కారణం తప్పు కాదు. మీ అమ్మ దగ్గు మీ కారణం. ఆమె వేళ్ల సందుల్లో తంబాకు వాసన మధ్య మీరు హోంవర్కు చేసుకున్నారు, అది మీ కారణం. పేరు పెట్టి పిలిపించుకోవాలన్న కోరిక కూడా కారణమే, దాన్ని అన్నం కింద ఆవకాయ ముక్కలా దాచిపెట్టక్కర్లేదు. నాకు భయం వేసేది మీ లెక్కల కాగితంలో ఇంకో మాట చూసి. "వాళ్లను ఈ బీడీల నుంచి బయటపడేయాలి" అని కాగితం చివర పెన్సిల్‌తో రాసుకున్నారు. వాళ్లను అడిగారా?

నా సొంత సంగతి ఒకటి చెబుతాను. పాతికేళ్ల కిందట నేనూ ఇద్దరు స్నేహితురాళ్లూ కలిసి, భర్తలు వదిలేసిన తొమ్మిది మందితో కుట్టు కేంద్రం పెట్టాం. మేం ముగ్గురం పైసా తీసుకోలేదు, ఆ సంగతి అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాళ్లం. ఒక బడి యూనిఫాం ఆర్డరు వచ్చింది. కాలర్లు వంకర పోతుంటే చూసి కూడా నోరెత్తలేదు నేను. పాపం, ఇంట్లో ఎన్ని బాధలున్నాయో, మళ్లీ విప్పి కుట్టమని ఎలా చెప్పను అని. అరవై చొక్కాలు తిరిగొచ్చాయి. ఏడాదిన్నరకు తాళం వేశాం. మిషన్లు అప్పగించే రోజు, అందరికన్నా తక్కువ మాట్లాడే ఒకామె అంది: "అక్కా, మీరు వారానికి రెండుసార్లు వచ్చేవాళ్లు. రోజూ వస్తే బాగుండు అని మాకు ఉండేది. కానీ జీతం తీసుకోని మనిషిని ఏమని నిలదీస్తం?"

ఆ మాట నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. ఉచితంగా చేస్తున్నానని నేను గర్వపడుతుంటే, ఆ ఉచితం వాళ్ల నోరు కట్టేసింది. నేను వాళ్లను జాలితో ఏమీ అనలేకపోయాను, వాళ్లు నన్ను మొహమాటంతో ఏమీ అనలేకపోయారు. మధ్యలో చొక్కాలు వంకరపోయాయి.

అందుకే మీ జీతం రాయమంటున్నాను. ఎంత? స్కూలు ఇచ్చే 16 వేలే రాయండి, ఎక్కువొద్దు తక్కువొద్దు. అప్పుడు 18 వేలలో మిగిలేది రెండు వేలు. కడుపులో తిప్పినట్టయిందా? అవ్వాలి. ఈ లెక్క నెలకు 900 కిలోలు అమ్ముడుపోతేనే. సంక్రాంతి నెలలో 900 కాదు, రెండు వేల కిలోలైనా పోతాయి, అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవాళ్లే సగం కొంటారు. ఆషాఢంలో? శ్రావణంలో? సకినాలు పండుగ పూట తినే పిండివంట, రోజూ టీలో నంజుకునే బిస్కట్ కాదు. కాబట్టి మీ కాగితం ఒక్క నెలది కాకూడదు, పన్నెండు నెలలది వెయ్యండి. ఏ నెలలో ఎంత పోతుందో ఒక్కో గడిలో రాయండి. రెండు మూడు మిఠాయి కొట్లవాళ్లను అడిగితే చెప్పేస్తారు, వాళ్లు అలాంటివి దాచుకోరు.

ఇక మీ ఆయన అడిగిన ప్రశ్న. మీకు కోపం తెప్పించింది గానీ, నాకు ఆ మనిషి ప్రశ్న నచ్చింది. మస్కట్ ఎండలో నిలబడి సంపాదించేవాడికి బంగారం కుదువబెడతానంటే టెన్షన్ రాదా? సేవా, వ్యాపారమా అని తేల్చమంటున్నాడు. తేల్చే చోటు ఒకటుంది, అది మీ అమ్మగారికి బాగా తెలుసు. ఆమె చేసిన బీడీలు తీసుకునేచోట ఏం జరిగేదో అడగండి. వెయ్యి బీడీలు కట్టలు కట్టి తీసుకెళితే, బాగాలేవని కొన్ని పక్కన పడేసి, వాటికి డబ్బు కోసేవాళ్లు. ఆకు నాసిరకంగా ఇచ్చినా, తంబాకు తక్కువ తూచినా, నష్టం మాత్రం చేసినామె ఖాతాలోనే. ఏది మంచి బీడీ, ఏది కాదు అని చెప్పే నోరు ఎప్పుడూ అవతలివాడిదే.

రేపు మీ గదిలో కొత్త బియ్యప్పిండి తెల్ల బట్ట మీద చుట్లు చుట్లుగా తిరుగుతుంది. నాలుగు చుట్లు తిప్పినది ఆరకముందే తీస్తే విరుగుతుంది, మరీ ఆరితే నూనెలో పగులుతుంది. మీకు తెలుసు, పుట్టింటి సకినాలు పొడి కాకుండా అత్తింటికి చేర్చిన వాళ్లెవరికైనా తెలుసు. ఆ విరిగిన సకినం ఎవరి ఖాతాలో రాస్తారు? చేసినామె కూలిలో కోస్తే అది మామూలు వ్యాపారం, మీ అమ్మ చూసిన వ్యాపారమే. మీ బంగారంలోంచి భరిస్తే అది దానం, నా కుట్టు కేంద్రంలాగే నడుస్తుంది. పన్నెండు మందీ కూర్చుని, పిండి తడి ఎక్కువైందా, చెయ్యి తొందరపడిందా, ఆటోలో కుదుపుకు విరిగిందా అని చూసి, తప్పు ఎక్కడుందో అక్కడ సరిచేసుకుని, నష్టం అందరి ఖాతాలో వేసుకుంటే, మీరు అడుగుతున్న మూడో రకం అది. మీ ఆయనకు ఫోన్‌లో ఇది చెప్పండి. మొత్తం వినకపోయినా విరిగిన సకినం దగ్గర ఆగుతాడు.

పన్నెండు మంది ఎందుకు, నలుగురు చాలరా అన్న మాటకూ ఇందులోనే జవాబుంది. మొదట నలుగురితోనే మొదలుపెట్టండి, ఈ విషయంలో నేను ఆయన వైపే. ఐదోమనిషి ఏ షరతు మీద చేరొచ్చో మాత్రం మొదటి రోజే రాసుకోండి. చేరే ప్రతివాళ్లూ వందో రెండొందలో వాటా వెయ్యాలి. ఇవ్వలేరు పాపం అనకండి. అహ్మదాబాద్‌లో మూటలు మోసేవాళ్లు 1974లో పది రూపాయలు వేశారు, అప్పట్లో పది రూపాయలంటే మాటలా? సొంత వంద రూపాయలు అందులో ఉన్న మనిషి పిండి కలిపేటప్పుడు ఉప్పు ఎక్కువైందని గట్టిగా అరుస్తుంది. మీకు కావలసింది ఆ అరుపు.

ఇంకో మాట జాగ్రత్తగా వినండి. ఎవరినీ బీడీలు మానేయమని చెప్పొద్దు. అవి ఒంటికి చేటని వాళ్లకు మీకన్నా బాగా తెలుసు. కానీ చాలామందికి ఆ పని వెనక పీఎఫ్ నంబరు ఉంటుంది. పీఎఫ్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు నిండాలి. ఎనిమిదో ఏడో తొమ్మిదో ఏడో నడుస్తున్నామెను మీరు సకినాలకు లాక్కొస్తే, ఆమె పోగొట్టుకునేది మీరు జన్మలో తీర్చలేరు. ప్రభుత్వం ఇచ్చే బీడీ కార్మికుల జీవన భృతికి కూడా పీఎఫ్ వివరాలే ఆధారం. ఎవరికి ఎన్నేళ్లయిందో ఒక్కొక్కరి దగ్గర కూర్చుని చూడండి, మీరు అకౌంట్స్ మనిషి, ఈ పని వాళ్లకు ఎవరూ చేసిపెట్టి ఉండరు. నిజం చెప్పాలంటే సకినాలకన్నా ముందు మీరు చేయగల ఉపకారం ఇదేనేమో. పని లేని సగం రోజులే సకినాలకు తీసుకోండి. ఆ వేళ్లకు చుట్టడం కొత్త కాదు.

వానల సంగతి కూడా చెప్పాలి. లిజ్జత్ ఆడవాళ్లు మొదటి ఏడాది వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడాది ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద వెలిగించిన స్టవ్. అంతే, వానలోనూ పని నడిచింది. మీ గది కిరాయికి తీసుకునేముందు, ముసురు పట్టినప్పుడు బట్ట మీద సకినాలు ఎంతసేపటికి ఆరుతున్నాయో మీ ఇంట్లోనే చేసి చూడండి. వేయించినవి డబ్బాలో పెట్టి, నెలన్నర తర్వాత మూత తీసి వాసన చూడండి. నూనె చిక్కు వాసన వస్తే ఎంత గొప్ప ఆశయమైనా రెండో ప్యాకెట్ ఎవరూ కొనరు.

బంగారం జోలికి ఇప్పుడే పోకండి. ఉద్యోగం వదలకండి. ఈ సంక్రాంతికి శని, ఆదివారాలు మాత్రం పెట్టుకుని, ముందే డబ్బు కట్టినవాళ్ల ఆర్డర్లే చెయ్యండి. చిన్న యూనిట్లకు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ పెద్ద ఖర్చేమీ కాదు, మీ-సేవ సెంటర్ చుట్టుపక్కల చేసిపెట్టేవాళ్లుంటారు, లేదా మీరే ఆన్‌లైన్‌లో చేసుకోగలరు. మీ వాడలో మహిళా సంఘం ఉండే ఉంటుంది, ఆ పన్నెండు మందిలో ఎవరెవరు అందులో ఉన్నారో చూస్తే లోను దారి బంగారం కన్నా చవగ్గా దొరుకుతుంది. కంపెనీ, సొసైటీ, ట్రస్టు అంటూ ఏ రూపంలో రిజిస్టర్ చేయాలన్న తలనొప్పి ఒక పండుగ సీజన్ గడిచాక పెట్టుకుందాం.

ఈలోగా ఒక సెలవు రోజు కరీంనగర్ దాటి ములుకనూరు వెళ్లి రండి. అక్కడి ఆడవాళ్లు ముందు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు, తర్వాత 2002లో సొంత డెయిరీ మొదలుపెట్టారు. 'స్వకృషి' పాల ప్యాకెట్ మీరు చూసే ఉంటారు. పాలు పోసేవాళ్లే అక్కడ యజమానులు. అమ్మగారి ఒంట్లో ఓపికుంటే ఆమెను, నలుగురిలో ఇద్దరిని వెంటపెట్టుకుని వెళ్లండి. మీరు మాట్లాడకండి, వాళ్లనే అడగనివ్వండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న పైసలు ఎప్పుడు చేతికొస్తాయని అయి ఉంటుంది. మీరు రెండేళ్లుగా అనుకుంటున్న దానిలో వాళ్లకు ఏది పనికొస్తుందో, ఏది మీ ఊహో, తిరుగు బస్సులో వాళ్ల మాటల్లోనే తేలిపోతుంది.

ఆడబిడ్డ సంగతి వదిలేయండి. మొదటి ఆర్డరు ఆమె ద్వారానే రావచ్చు, ఆడబిడ్డలతో ఏదీ చెప్పలేం.

కొత్త కాగితం వేశాక నాకు పంపండి. పన్నెండు నెలల గడులు, విరిగిన వాటి లెక్క, మొదటి వరుసలో మీ పేరు, పక్కన జీతం. కోడలనో, మేడమనో రాయకండి, పేరు రాయండి. సంక్రాంతి సకినాలు నాకూ ఒక అరకిలో కావాలి, వాము కాస్త ఎక్కువ వేయించండి. ఊరికే పంపితే తిరిగి పంపించేస్తాను. ధర, పోస్టేజీ ఎంతో ముందే రాయండి, డబ్బు చేరాకే పార్శిల్ కట్టండి.